సంతకం కాని రిపోర్టు

మా మేనేజరును నేను ఇప్పటికీ క్షమించలేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన్ని క్షమించమనే అమ్మ నాకు చెబుతుంది. చెప్పనీ.

అమలాపురంలో, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఐదేళ్లు పనిచేశాను. నలుగురం టెక్నీషియన్లం, పని బాగా తెలిసినవాళ్లం. అయినా ఆయన సంతకం లేనిదే ఏ రిపోర్టూ బయటికి వెళ్లకూడదు, నోటిమాటగా కూడా ఏమీ చెప్పకూడదు. ఆయనేమో పదకొండు దాటితే గానీ రాడు. రాగానే గంటసేపు మమ్మల్ని నిలబెట్టి మీటింగు. అందులో ఎవరో ఒకరిని తిట్టాలి. తప్పు దొరక్కపోతే చేతిరాత బాగోలేదని తిట్టేవాడు. పోనుపోను, పక్కవాళ్ల పొరపాటు కనిపించినా మాకెందుకని ఊరుకోవడం మాకూ అలవాటైపోయింది.

ఒక వేసవి పొద్దున రాజోలు అవతల నుంచి ఒక రైతు సీసాలో నీళ్లు పట్టుకొచ్చాడు. రొయ్యలు మేత ముట్టడం లేదట. నేనే పరీక్ష చేశాను. అమ్మోనియా విపరీతంగా ఉంది. వెంటనే మేత ఆపి నీళ్లు మార్చాలి. మేనేజరుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేస్తే కట్ చేశాడు.

“ఏం తేలిందండీ?” అన్నాడు రైతు.

“సార్ రావాలండి. సంతకం అయ్యాక ఇస్తాం.”

“ఆయ్. ఈలోగా ఏం చెయ్యమంటారండి మరి?”

జవాబు నా నోటిదాకా వచ్చింది. పక్క టేబులు దగ్గరి అమ్మాయి తల దించుకుంది. అంతకుముందు నెలలో ఇలాగే ఒకరికి చెప్పినందుకు ఆమెకు మెమో ఇచ్చారు. నేను నోరు మూసుకున్నాను.

మీటింగు ముగిసి సంతకం పడేసరికి మధ్యాహ్నమైంది. కాగితం అందుకుని రైతు అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. అవతల భార్య ఏడుపు మాక్కూడా వినిపించింది. రొయ్యలు చచ్చి గట్టు వెంట తేలిపోయాయట.

“మీరు శాంపిలు ఆలస్యంగా తెచ్చేరు,” అన్నాడు మేనేజరు. నా వైపు తిరిగి, “అర్జెంటయితే నాకు ఫోన్ చెయ్యక్కర్లేదా?” అన్నాడు.

“రెండుసార్లు చేశానండి. మీరే కట్ చేశారు.” తర్వాత రైతుతో చెప్పాను: “పొద్దున్నే తెలుసండి. ఈయన చెప్పనివ్వరు. చెప్పకపోవడం నా తప్పు.”

రైతు మా ఇద్దరినీ ఒకేలా చూశాడు. “ఆయన రాలేదు, మీరు చెప్పలేదు. నాకు ఇద్దరూ ఒకటేనండి,” అని వెళ్లిపోయాడు.

ఆయనతో సమానంగా నన్ను నిలబెట్టిన ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే ఉద్యోగం వదిలేశాను.

ఇప్పుడు పి.గన్నవరంలో చిన్న ల్యాబు నడుపుతున్నాను. ఫలితం రాగానే ముందు రైతుకు చెబుతాం, కాగితం తర్వాత. పక్క టేబులు అమ్మాయి కూడా నాతోనే ఉంది. ఆ మేనేజరు మాత్రం అదే కుర్చీలో ఉన్నాడు. కొత్తగా చేరినవాళ్లను గంటసేపు నిలబెడుతున్నాడట.