పిడకల మీద కొలిచిన పిడి

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నాకు పెళ్లయింది. బోధన్ పక్కన చెరుకు పండించే ఉమ్మడి కుటుంబం మాది. ఆ ఇంట్లో నలుగురి ముందు పెళ్లాంతో మాట్లాడితేనే పరువు పోయేది. ఏమైనా తెచ్చి ఇస్తే ఇక చెప్పనక్కర్లేదు. నాకేమో ఆమెకు ఒక్క వస్తువైనా నా చేత్తో చేసి ఇవ్వాలని ప్రాణం కొట్టుకునేది. ఆమె అంటే నాకు ఇష్టమని నోటితో చెప్పే ధైర్యం లేదు మరి.

కోతలు దగ్గర పడ్డాయి. చెరుకు ఆకు కొట్టే చిన్న కత్తి అంగట్లో కొన్నాను, పిడి లేకుండా. పిడి నేనే చేద్దామనుకున్నాను. కానీ ఆమె చెయ్యి కొలిచేదెట్లా? మా వెనక గోడ నిండా పిడకలు, ఒక్కోదాని మీద అయిదు వేళ్ల అచ్చు. పొద్దున ఆమె పేడ తట్ట ఎత్తుకొని అటు పోవడం చూశాను. ఎవరూ లేనప్పుడు పోయి, దారంతో ఆ అచ్చు కొలిచి ముడి వేసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తుమ్మ కట్టె చెక్కాను. రసం తగిలితే నున్నటి పిడి జారుతుంది. అందుకని విరిగిన ఆకురాయి మొనతో వాలుగా అటూ ఇటూ గీతలు కోసి చేప పొలుసులు తెప్పించాను. కొసన మేకుతో చుక్కలు కొట్టి, ఆమె రోజూ వాకిట్లో వేసే ముగ్గు దింపాను. రెండు పొలుసులు ఊడిపోయాయి. చేపకు మాత్రం ఊడవా ఏమిటని సరిపెట్టుకున్నాను.

ఆమె కంట పడాలని వంటింటి గూట్లో పెడితే, ముందు మా అవ్వ కంట పడింది. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. చేతిలోకి తీసుకొని గట్టిగా పట్టి చూసింది.

"నా చేతికి కొలిసినట్టే చేసినవ్ గద కొడుకా!"

కళ్లు తుడుచుకుంది. నిజంగానే కొలిచినట్టే సరిపోయింది!

వాడంతా తిప్పి చూపించింది. పోనీ దాంతో ఆకు కొట్టిందా అంటే అదీ లేదు. కత్తికి గుడ్డ చుట్టి, నా చేప పొలుసులతో వీపు గోక్కునేది. నా భార్య మాత్రం పాత కత్తితోనే పోయి, అరచేతిలో పొక్కులతో వచ్చేది.

ఒక సాయంత్రం చెరుకు బండి తోలుకొని వచ్చాను. కాళ్లకు నీళ్ల చెంబు అందిస్తూ, నా భార్య తల వంచుకొనే అంది.

"నేను పేడ మోసిన. పిడకలు కొట్టింది అత్తమ్మ."

దారంతో గోడను కొలుస్తుంటే చూసిందన్నమాట! సిగ్గుతో చచ్చిపోయాను.

"కొలత కావాల్నంటే చెయ్యి అడగరాదా?" అని పొక్కుల చెయ్యి ముందుకు చాపింది.

నడివాకిట్లో, అవ్వ వీపు గోక్కోవడం ఆపి చూస్తుండగానే, ఆ చెయ్యి పట్టుకున్నాను. దారం జేబులోనే ఉంది. కొలవడం మరిచిపోయాను.