మూడు ఊళ్ల సాక్ష్యం

పోయినవి ముందు రాస్తాను. జమ్మలమడుగులో ఒక నీళ్ల ప్లాంటుకు నూట నలభై ఏడు ఇళ్లు, పద్నాలుగు అంగళ్లు, రెండు బడులు. నీళ్ల క్యాన్లు వేసే ఆటో డ్రైవరు పని. నెల తిరిగేసరికి, ఆ నీళ్ల ప్లాంటు యజమాని సొంత ఊళ్లో భార్యతో కలిసి బతికే వీలు. ఇవన్నీ పోవడానికి కారణమైన వాక్యంలో తొమ్మిది మాటలున్నాయి, ఇక్కడ రాయని ప్లాంటు పేరు కాక. రాసింది నేను.

ప్రొద్దుటూరులో ఒక లోకల్ కేబుల్ చానెల్లో, తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగు రాయడం నా ఉద్యోగం. అంతకుముందు పదకొండేళ్లు అదే కేబుల్‌కు ఇంటింటికీ తిరిగి నెల చందా వసూలు చేశాను. చదువు పదో తరగతితో ఆగింది. లెక్క గుమ్మాల్లో నిలబడి నేర్చుకున్నాను. ఇంటివాళ్లు చిల్లర తెచ్చేలోపు లోపల టీవీ నడుస్తోందా, ఎందరు చూస్తున్నారు, టైమెంత అని నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. నన్నెవరూ రాయమనలేదు. నాలుగేళ్లు రాశాక, సాయంత్రం ఏడున్నరకు పది ఇళ్లలో ఎనిమిదింట టీవీ నడుస్తుందని, మధ్యాహ్నం రెండున్నరకు రెండింటనే అని తేలింది. ఆ పుస్తకం చూసే చానెల్ యజమాని నన్ను ఆఫీసులో కూర్చోబెట్టాడు.

స్క్రోలింగుకు నేనొక నియమం పెట్టుకున్నాను. ఒకే సంగతి మూడు చోట్ల నుంచి వస్తేనే వెయ్యాలి. దాని గురించి నాకు గర్వంగా కూడా ఉండేది.

ఆ సాయంత్రం ఏడుకు ఇరవై నిమిషాల ముందు ఫోన్లో మూడు మెసేజీలు చూశాను. పులివెందుల గ్రూపులో ప్లాంటు స్టిక్కరున్న క్యాను ఫొటో, అడుగున పచ్చటి పాచి. జమ్మలమడుగు గ్రూపులో, పురుగులున్నాయి జాగ్రత్త అని. ప్రొద్దుటూరు గ్రూపులో, తాగిన నలుగురికి వాంతులని. ప్లాంటుకు ఫోన్ చేద్దామని నంబరు వెతుకుతున్నాను. చానెల్ యజమాని తలుపు దగ్గరికొచ్చాడు.

"ఏందప్పా ఇంకా? అవతల చానెలోడు వేసేస్తాడు."

మూడు ఊళ్లు, మూడు మెసేజీలు. నియమం కుదిరింది. ఫోన్ పక్కన పెట్టి రాశాను: "జమ్మలమడుగు వాటర్ ప్లాంటు క్యాన్లలో పాచి, పురుగులు, తాగిన నలుగురికి వాంతులు." నాలుగు నిమిషాలకొకసారి, మూడు గంటలు. నలభై అయిదుసార్లు.

మరునాడు పొద్దున ప్లాంటు యజమాని మొదటి బస్సుకే వచ్చాడు. కువైట్‌లో తొమ్మిదేళ్లు డ్రైవరుగా పనిచేసి, ఆ సంపాదనంతా ప్లాంటులో పెట్టిన మనిషి. గొంతు పెంచలేదు. అందుకే నాకు భయం వేసింది.

"నువ్వేనా అన్నా రాసింది?"

"నేనే భాయ్."

"ఎవురికి వాంతులైనాయి? ఒక్కరి పేరు చెప్పు. నేనే ఆస్పత్రికి తీస్కపోతా."

నా దగ్గర ఒక్క పేరూ లేదు. మూడు ఊళ్ల నుంచి వచ్చిందన్నాను.

"అయితే ముగ్గుర్నీ అడుగుదాం. నా ముందరే అడుగు."

ప్రొద్దుటూరు మెసేజీ పెట్టిన టీచరమ్మకు జమ్మలమడుగు మందుల షాపాయన పంపాడట. ఆయన్ను అడిగితే, "నేను చూసినానా ఏంది? పులివెందుల్నుంచి వచ్చె, పంపిస్తి" అన్నాడు. పులివెందులలో ఫొటో తీసినవాడు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు.

"క్యాన్లో పచ్చగా కనపడె మామా, తీసి పెట్టినా. వాంతులా? ఒక ముసలాయనకు అయినాయి. అది ఎండకు. నలుగురని నేను యాడ రాస్తి?"

మూడు మెసేజీలూ ఒక్క ఫొటో నుంచే పుట్టాయి. నేను వార్త నడిచిన దారుల్ని లెక్కపెట్టి, చూసినవాళ్లను లెక్కపెట్టాననుకున్నాను. ప్లాంటాయన నా నోటుపుస్తకం వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం పులివెందుల బస్సెక్కాం. అతను ఫొటో తీసిన పెళ్లివారింట్లో పందిరి ఇంకా విప్పలేదు. ఆడపెళ్లివాళ్లు జమ్మలమడుగు నుంచి వ్యానులో క్యాన్లు తెచ్చారని ఇంటావిడ చెప్పింది.

"నీళ్లు అయిపాయె. ఖాళీ క్యాన్లు తొట్లో ముంచి పెడితిమి, చేతులు కడుక్కోనీకి. ఎవురింట్లో పెట్టుకోరు చెప్పు?"

నిజమే. మా వైపు ప్రతి శుభకార్యంలో చేసే పనే. తొట్టి గోడలకు వేలు మందాన పాచి ఉంది.

"ఈ మాట టీవీలో చెప్తావా అక్కా?" ప్లాంటాయన అడిగాడు.

"పాచి నీళ్లు పెట్టినామని టీవీలో చెప్పాల్నా? కొత్త కోడలు అడుగుపెట్టిన ఇల్లు నాయనా. శానా బాగుంది నీ అడగడం."

అధికారులొచ్చి ప్లాంటు నీళ్ల నమూనా తీసుకుపోయారు. ఎనిమిదో రోజు, నీళ్లు బాగున్నాయని రాసిన కాగితం వచ్చింది. నా వాక్యాన్ని ఎవరు పరీక్షిస్తారో తెలుసుకుందామని నిబంధనలు తెచ్చి చదివాను. లోకల్ చానెళ్ల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లాలో ఒక కమిటీ ఉండాలట. అది యాడ కూర్చుంటుందని ఒక ఆఫీసులో అడిగితే, గుమస్తా నన్నే ఎదురడిగాడు: "ఏం, మీ చానెల్ మీద నువ్వే పెడతావా?" పెడతానన్నాను. కాగితం తీసుకున్నాడు. జవాబు రాలేదు.

చానెల్ యజమానిది వేరే లెక్క. "తప్పని వేస్తే రేపట్నుంచి మన స్క్రోలింగు ఎవుడు నమ్ముతాడప్పా?" వారం బతిమాలితే ఒప్పుకున్నాడు. రెండు రోజులు, మధ్యాహ్నం రెండున్నర నుంచి అరగంట. పదిహేనుసార్లు. అందులో తప్పు అన్న మాట లేదు, నీళ్లు బాగున్నట్లు ప్లాంటు యజమాని తెలిపారని మాత్రమే ఉంది. ఆ వేళ ఎన్ని ఇళ్లలో టీవీ నడుస్తుందో ఆయనకు చెప్పింది నేనే.

ప్లాంటుకెళితే బల్లమీద కార్డులు పేర్చి ఉన్నాయి. మా వైపు నీళ్లు వేయించుకునే ప్రతి ఇంటి గుమ్మానికి ఒక కార్డు వేలాడుతుంది. క్యాను దించినప్పుడల్లా అందులో టిక్కు పెడతారు. నీళ్లు వద్దనుకుంటే కార్డు తిప్పి పంపిస్తారు. నూట నలభై ఏడు తిరిగొచ్చాయి.

"నెలాఖరుకు ఇందులో సగమన్నా గుమ్మాలకు పోవల్ల. లేకుంటే మళ్లీ కువైట్‌కు పోతా," అన్నాడాయన. ఆయన భార్య క్యాన్లు కడుగుతోంది. తలెత్తలేదు. సగమంటే డెబ్బై నాలుగు. కార్డులు సంచీలో వేసుకున్నాను.

రోజూ పొద్దున డ్యూటీకి ముందు జమ్మలమడుగు పోయి గుమ్మాలెక్కాను. చందాకు తిరిగిన కాళ్లే కదా అనుకున్నాను, కానీ ఇదంత తేలిక కాలేదు. ఒక పెద్దావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"టీవీలో వచ్చె కదా నాయనా?"

"టీవీలో వేసింది నేనేమ్మా. తప్పు వేసినా."

"అయితే పోయి టీవీలోనే చెప్పు. ఇంటికొచ్చి చెప్తే ఎట్ల నమ్మేది? వాళ్లు ఎంతిచ్చి పంపిరి నిన్ను?"

నాలుగోసారి వెళ్లినప్పుడు కార్డు తీసుకుంది. అందరూ అలా తీసుకోలేదు. నెలాఖరు రోజు సాయంత్రం బల్ల దగ్గర లెక్క చూశాం. గుమ్మాలకెక్కినవి యాభై ఎనిమిది. ఇంకా పదహారు కావాలి. ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు. మూడోసారి నేను పెట్టాను.

ఆయన కువైట్ వెళ్లిపోయాడు. ప్లాంటును రోజుకు ఒక పూట ఆయన భార్య నడుపుతోంది. నేను అదే చానెల్లో అదే పని చేస్తున్నాను. మొదట చూసినదెవరో పేరు తెలియకుండా ఒక్క వాక్యమూ వెయ్యను.

మిగిలిన ఎనభై తొమ్మిది కార్డులతో ప్రతి ఆదివారం తిరుగుతున్నాను. నీళ్లు కొనడం కొనకపోవడం వాళ్ల ఇష్టం. నేను వేసింది అబద్ధమని విని, సరే అంటే చాలు, ఆ కార్డు మీద గీత కొడతాను. ఇల్లు మారినవాళ్లను వెతుక్కుంటూ చిలమకూరు, కమలాపురం దాకా వెళ్లాను. కొందరి జాడ దొరకలేదు. కొందరు తలుపు తీయరు.

పోయిన ఆదివారం ప్లాంటు దగ్గర ఆగాను. ఆమె మోటారు ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇంకెన్ని ఉండాయన్నా?"

సంచీలో చెయ్యి పెట్టి లెక్కపెట్టి చెప్పాను.

"పదిహేడమ్మా."