వైఫై పోయిన నాలుగు గురువారాలు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలరాయుణ్ణి. నలుగురొస్తే నలభై మందంటాను, తుంపర పడితే ఊరు మునిగిందంటాను. నేను రాసినవన్నీ మొదట చదివేది మా ఆవిడే. చదువుతూ నా అంకెలన్నిటినీ పదితో భాగించుకుంటుంది. మీరూ అలాగే కానివ్వండి. దేన్ని భాగించకూడదో చివర్లో నేనే చెబుతాను.

విజయనగరంలో మా ఇంట్లో ఉన్న లాప్‌టాప్ పుట్టి నూటయాభై ఏళ్ళయింది. బరువులో రోకలికి ఎక్కువ, రోలుకి తక్కువ. మూత తెరిస్తే గరివిడి ఫ్యాక్టరీ కొలిమి పక్కన నిలబడినట్టే ఉంటుంది. లోపలి ఫ్యాను మోత విని, మేం పిండిమర పెట్టామనుకుని పక్కవీధి ఆవిడ ఒకసారి బియ్యం సంచీ పట్టుకొచ్చింది. దానికున్న అసలు జబ్బు మరొకటి. ఇంట్లో ఫోనుకి వైఫై వస్తుంది, టీవీకి వస్తుంది, దీనికి మాత్రం వచ్చినట్టే వచ్చి పోతుంది. విందులో కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందని లేచిపోయే పెద్దమనిషి బాపతు.

అదంతా నవ్వుకోడానికే ఉండేది, మా బావ వచ్చేదాకా.

బావ అంటే మా ఆవిడకి అన్న. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు. ఆ పక్క ఊళ్ళలో పెళ్ళి సంబంధానికి వెళితే, పొలమెంత అని అడిగిన నోటితోనే కిడ్నీలెలా ఉన్నాయని అడుగుతారు. ఇది కోత కాదు. ఎందుకు పాడవుతున్నాయంటే నీళ్ళంటారు, ఎండంటారు, మందులంటారు. ఏ వీధిలో చూసినా ఒకరో ఇద్దరో వాచిన కాళ్ళతో మంచం మీద ఉంటారు. మా బావకి రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ సెంటరు మా ఇంటికి దగ్గరని, వీధిగది ఆయనకిచ్చాం.

ఆయన బట్టల సంచీతో పాటు ఒక పెద్ద రేకు డబ్బా నిండా బియ్యం దింపించాడు.

"ఇదేటన్నా, బియ్యం మోసుకొచ్చినావు? మా ఇంట్లో నేవనుకున్నావా?" అంది మా ఆవిడ.

"ఉంటాయి. మీయి మీకు. ఆడకూతురి సొమ్ము తిన్నోడు బాగుపడినట్టు ఎక్కడైనా సూసినావేటి?"

"డయాలసిస్‌కి ఎల్తన్నోడివి, కొత్తగా ఏటి బాగుపడతావు గానీ, ఊరుకో."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ ఇంటివాళ్ళ మాటలు అంతే, చర్మం ఒలిచేస్తాయి. కానీ ఆ డబ్బా సంగతి నవ్వులాట కాదు. మా పెళ్ళయిన దగ్గరనించీ ఆయన ఉత్తి చేతులతో మా గుమ్మం తొక్కలేదు. చెల్లెలికి చీర, పనసపళ్ళు, బస్సు టాపు కుంగిపోయేటన్ని కొబ్బరికాయలు. చెల్లెలికి పెట్టడమే ఆయనకి తెలుసు. ఆమె చేతినించి తీసుకోవడం రాదు.

కిడ్నీ మార్చాలన్నారు. ఆయన భార్యకి షుగరు, పనికిరాదన్నారు. మా ఆవిడ నెత్తురు కలిసింది, తక్కిన పరీక్షలూ కలిశాయి. బెండకాయలు తరుగుతూ నాతో చెప్పింది.

"నాకు రెండున్నాయి. మా అన్నకి ఒక్కటీ నేదు. ఇందులో మీరు ఆలోసించడానికేటుంది?"

ఆలోచించడానికేమీ లేదన్నట్టు తలూపాను. భర్తకి అభ్యంతరం లేదన్న కాగితం మీద సంతకమూ చేశాను. మామూలుగా నా సంతకం గజపతినగరం నించి మొదలై బొబ్బిలి దాకా పోతుంది. ఆ రోజు చీమంత పెట్టాను. బావ మాత్రం "సూద్దాంలే" అన్నాడు.

విశాఖ ఆసుపత్రివాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఆపరేషను తేదీ ఇచ్చే ముందు డాక్టరు వీడియోలో మాట్లాడతాడు. మొదట పుచ్చుకునే మనిషితో ఒంటరిగా, తర్వాత ఇచ్చే మనిషితో ఒంటరిగా, ఆఖరికి ఇద్దరితో కలిపి. ఎవరూ ఎవర్నీ బలవంతం చెయ్యలేదని తేల్చుకోడానికట. గురువారం పదకొండింటికి. ఫోనులో కుదరదు, కాగితాలు తెర మీద పెట్టి చదివించాలి, కంప్యూటరులోనే రండి, గది తలుపు వేసుకోండి అని అక్కడి అమ్మాయి మరీ మరీ చెప్పింది. ఆ మాటలు పూర్తయితే తేదీ, లేకపోతే మళ్ళీ గురువారం.

మొదటి గురువారం బావని లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, తలుపు వేసి, మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఒక్క నిమిషంలో తలుపు తెరుచుకుంది.

"డాక్టరు నోరు తెరిసి అలాగే ఆగిపోనాడు బావా. ఈగ దూరినా తెలవదు ఆయనకి."

చూస్తే వైఫై గుర్తు మీద అడ్డగీత. నేను మళ్ళీ కలిపేసరికి డాక్టరు ఇంకో రోగి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ వారం నేను చేసిన వైద్యం ధన్వంతరి కూడా చేసి ఉండడు. రౌటరుని లక్షసార్లు ఆపి వెలిగించాను. లాప్‌టాప్ మా ఇంటి వైఫై పేరునే మర్చిపోయేలా చేసి, మళ్ళీ కొత్తగా పరిచయం చేసి, పాస్‌వర్డు కొట్టి కొట్టి వేలిముద్రలు అరగదీసుకున్నాను. ఆఖరికి లోలోపల ఒక చోట, కరెంటు మిగల్చడం కోసం వైఫైని నిద్రపుచ్చే టిక్కు ఒకటి కనిపించింది. తీసేశాను. అంతే. ఆరు రోజులు పోకుండా ఉంది. అరవై కాదు, ఆరే. మా ఆవిడ రౌటరుకి పసుపు బొట్టు పెట్టింది. రామతీర్థం కొండ ఎక్కుతానని మొక్కుకుంది.

రెండో గురువారం మూడు నిమిషాలు మాటలు వినిపించాయి. తర్వాత బావ గొంతు: "పోనాది."

మా ఆవిడ అరుగు మీంచి లేవలేదు. "ఆరు రోజులు బాగుండి, ఈరోజే పోవాలా?" అంది. ఎవర్ని అడిగిందో తెలియదు.

కేబులు కనెక్షను ఇచ్చే పెద్దాయన్ని పిలిచాను. ఆయన ఆసుపత్రి రౌండ్లకొచ్చినట్టు మెడలో వైరు వేసుకుని వచ్చాడు. రౌటరుకీ వీధిగదికీ మధ్య ఉన్న బియ్యం డబ్బాని వేలితో కొట్టి చూశాడు.

"ఇంత రేకు అడ్డం పెడితే సిగ్నలెక్కడినించి ఎల్తాది బాబూ?"

"మా బియ్యం మీద పడ్డావేటి?" అన్నాడు బావ మంచం మీంచి. "నాను తింటే ఒళ్ళు వాత్తాది, తినకపోతే సెల్లి తిడతాది. ఇప్పుడు వైఫైకి కూడా అడ్డమేనేటి!"

డబ్బాని వంటింట్లోకి జరిపాం. కేబులాయన వెళ్తూ, "లాప్‌టాప్‌కి వైరు గుచ్చేయండి, వైఫై గోలే ఉండదు" అన్నాడు. వైరు పెట్టే కన్నం ఎప్పుడో పాడైపోయిందని చెప్పాను. స్నేహితుణ్ణి లాప్‌టాప్ అడిగాను, అది రిపేరులో ఉందన్నాడు.

ఈలోగా బావ మొహం తడిసిన సిమెంటు రంగుకి వచ్చింది. కాళ్ళు అరటిబోదెల్లా వాచాయి. నొక్కితే వేలు గుర్తు పూటంతా ఉండిపోయేది. ఇది కూడా కోత కాదు. గదిలోంచి నూతి దాకా వెళ్ళడానికి రెండుసార్లు ఆగేవాడు.

మూడో గురువారానికి మా ఆవిడే ఉపాయం చెప్పింది. ఇంటి వైఫై వద్దు, తన ఫోనులోని ఇంటర్నెట్ లాప్‌టాప్‌కి ఇద్దామంది. ఇచ్చాం. ఫోను కిటికీలో పెట్టాం. నాలుగు నిమిషాలు. పోయింది. అంటే తప్పు రౌటరుది కాదు, లాప్‌టాప్‌దేనని ఆమెకి అర్థమైంది. దాన్ని చెప్పుతో కొట్టబోయింది, నేను పట్టుకున్నాను.

నాలుగో గురువారం నేను అరుగు మీద కూర్చోలేకపోయాను. పక్కసందులోకి వెళ్ళి, వీధిగది కిటికీ రెక్క సందులోంచి చూశాను. డాక్టరు తెర మీద కాగితం పెట్టి నెమ్మదిగా అడుగుతున్నాడు: "మీకు కిడ్నీ ఇస్తున్నది మీ చెల్లెలే కదండీ? మీకు సమ్మతమేనా?" బావ వంగి వింటున్నాడు. ఆయన ఎడమచెయ్యి లాప్‌టాప్ ముందు అంచు కింద ఉంది. బొటనవేలు కదిలింది. డాక్టరు ఆగిపోయాడు. బావ లోపల పది లెక్కపెట్టుకున్నట్టుగా ఆగి, వేలితో మళ్ళీ ఏదో వెనక్కి జరిపి, అప్పుడు పిలిచాడు: "పోనాది!"

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటుంటే, నేను లాప్‌టాప్ తిప్పి చూశాను. ముందు అంచున చింతగింజంత జారుడు బొత్తం ఉంది. ఇటు జరిపితే వైఫై పోతుంది, అటు జరిపితే వస్తుంది. పాతవాటికి ఉండేదట. ఇన్నేళ్ళు వాడాను, నాకు తెలియదు.

"ఎన్నాళ్ళనించి బావా?" అన్నాను.

బావ ఉలిక్కిపడలేదు. "మొదటిసారి దానంతటదే పోనాది. పోతే నాకు పేణం లేసొచ్చినాది. అప్పుడనుకున్నాను, దీని ఆయువుపట్టు ఎక్కడుందో సూడాలని. పాతికేళ్ళు మోటారు స్టార్టరుతో కాపరం సేసినోణ్ణి, బొత్తం కనిపెట్టనేనా?"

"సచ్చిపోతావు."

"మా వీధిలో అదేటి కొత్తా? అందరూ ఎల్లిపోనాక నానొక్కణ్ణీ మిగిలితే సుట్ట కాల్సుకోడానికి నిప్పెవులిత్తారు?"

"మీ సెల్లి ఇష్టపడే ఇస్తంది బావా."

"ఇత్తాది. అడిగితే రెండోదీ ఇచ్చేత్తాది. అందుకే అడక్కూడదు." గొంతు తగ్గించాడు. "అది కొబ్బరికాయ కాదు, కోసి ఇచ్చేసి మళ్ళీ కాత్తాదిలే అనుకోడానికి. దానికీ ఆ ఊరి నీరే కదా పోసి పెంచినాం. రేపు దానికి మిగిలిన ఒక్కటీ పోతే? అప్పుడు నానేటి పెట్టగలను దానికి, పనసపండా?"

"వద్దని డాక్టరుకి సెప్పేయొచ్చు కదా మరి."

"వద్దంటే దానికి తెలిసిపోద్ది. అన్నకి నాది అక్కర్లేకపోనాదని బతికినన్నాళ్ళూ ఏడుత్తాది. వైఫై పోనాదనుకో, ఎవులి మీదా నేరం నేదు." చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా, దూదిలా ఉంది. "సెల్లికి సెప్పకు. నా మీద ఒట్టు."

సాయంత్రం ఆమెకి చెప్పేద్దామనే అనుకున్నాను. సాయంత్రానికే ఆయనకి చలిజ్వరం వచ్చింది. డయాలసిస్ గొట్టం పెట్టిన చోట చీము పట్టిందన్నారు. నాలుగో రోజు పోయాడు.

ఇక చెప్పడానికి వేళ లేకపోయింది, ఏం చెయ్యను. ఇదీ కథ. ఇలాగే మీకు వదిలేద్దామనుకున్నాను.

డబ్బాలో సగం బియ్యం మిగిలాయి. మా ఆవిడ వాటిని వండదు, ఎవరికీ ఇవ్వదు. నెలకోసారి పురుగు పట్టకుండా ఎండబెట్టి, వేపాకు వేసి, మళ్ళీ పోసేస్తుంది. రోజూ ఆ డబ్బాని తుడుస్తుంది. లాప్‌టాప్ అటకెక్కింది. ఎవరైనా పరామర్శకొస్తే అటకవైపు చూపించి, "ఆ లాప్‌టాపే మా అన్నని మింగేసినాది" అంటుంది. నేను పక్కనే ఉంటాను. తలూపుతాను.

ఇప్పుడు, భాగించకూడని అంకె. కిటికీ సందులోంచి నేను చూసింది నాలుగో గురువారం కాదు. రెండో గురువారం. బావ అన్న మాటలన్నీ నిజమే, ఒక్క అక్షరం పెంచలేదు. కానీ అవి ఆ రెండో గురువారం మధ్యాహ్నమే నాతో అన్నాడు. ఆ తర్వాత కేబులాయన్ని పిలవడం, డబ్బా జరపడం, ఫోను కిటికీలో పెట్టడం, అంతా తెలిసే చేశాను. వైరు పెట్టే కన్నం బాగానే ఉంది. స్నేహితుణ్ణి లాప్‌టాప్ అడగనే లేదు. నాలుగో గురువారం పదకొండింటికి నేను అరుగు మీద పేపరు చదువుకుంటున్నాను, లోపలినించి "పోనాది" అని ఎప్పుడొస్తుందా అని.

ఆ రెండు వారాలూ కలిసొచ్చి ఉంటే ఆయన బతికేవాడా? డాక్టరుని అడగలేదు. బావ ఒట్టు వేయించుకున్నాడు కదా అని చెప్పుకోవచ్చు. నా జన్మలో నేను నిలబెట్టుకున్న ఒట్టు అదొక్కటే, కాబట్టి కారణం అది కాదని ఎవరికైనా తెలుస్తుంది. దానికీ ఆ నీరే అన్నాడే, ఆ మాట పట్టుకుని ఊరుకున్నాను. చెల్లెల్ని ఆయన తన ప్రాణం పెట్టి కాపాడుకున్నాడు. భార్యని నేను ఆయన ప్రాణం పెట్టి కాపాడుకున్నాను.

ఈ కాగితాలు తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద పెట్టాను. పొద్దున్నే ఆవిడ తుడవడానికి వస్తుంది.