తొమ్మిది ఫోన్లలో మోగిన సైరన్

2006 జనవరిలో నన్ను మా కంపెనీలో మొబైల్ విభాగానికి మార్చారు. విభాగం అంటే రుషికొండ మీద అద్దెకు తీసుకున్న ఒక హాలు, ఆరు కంప్యూటర్లు, ఇద్దరు ప్రోగ్రామర్లు, ఒక ఆపరేటరు, అందరి మీదా మేనేజర్ శ్రీధర్ గారు. నా హోదా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. దాని ముందున్న ‘జూనియర్’ అన్న మాట అంతకు నెల కిందటే తీసేశారు. ఆ వృత్తిలో మొత్తం పదకొండేళ్ళు ఉండి, నలభై రాకముందే బయటికి వచ్చేశాను. ఆ పదకొండేళ్ళలో చేసిన పనుల్లో ఒక్కదాని గురించి ఇక్కడ రాస్తున్నాను.

అప్పటి ఫోన్లకు బొటనవేలంత తెర, కింద బొత్తాలు. మేము రాసే ప్రోగ్రాం మొత్తం అరవై నాలుగు కిలోబైట్లు దాటకూడదు. దాటితే చాలా ఫోన్లు దాన్ని తీసుకునేవి కావు. తెలుగు అక్షరాలు చూపించే ఫోన్లు లేవు. అందుకని కావలసిన నాలుగు మాటలను బొమ్మలుగా గీసి లోపల పెట్టేవాళ్ళం. శబ్దం ఫైలుకు చోటు చాలదు కాబట్టి రెండు స్వరాలను మార్చి మార్చి మోగించి సైరన్ అనిపించేవాళ్ళం. ఒక్కో కంపెనీ ఫోనుది ఒక్కో తీరు. ఒకదానిలో నడిచినది ఇంకొకదానిలో నడవదు. అందుకే రాయడానికి వారం పడితే పరీక్షించడానికి మూడు వారాలు పట్టేది.

నాకు అప్పగించిన పని పడవల సంఘం వారిది. వాతావరణ హెచ్చరిక మా ఆఫీసుకు ఫ్యాక్స్‌లో వస్తుంది. ఆపరేటర్ రమాదేవి దాన్ని కంప్యూటర్లో ఎక్కించి ఒక బొత్తాం నొక్కుతుంది. కంప్యూటరుకు తగిలించిన మోడెమ్ జాబితాలోని నంబర్లన్నిటికీ మెసేజ్ పంపుతుంది. మెసేజ్ అందగానే ఫోన్లో మా ప్రోగ్రాం లేచి సైరన్ మోగించి, ‘వేటకు వెళ్ళవద్దు’ అన్న బొమ్మ చూపిస్తుంది. జాబితాలో నూట నలభై మూడు నంబర్లు. అన్నీ పడవల యజమానులవి. తీరం దాటి కొద్ది దూరం పోతే ఆ రోజుల్లో సిగ్నల్ అందేది కాదు కనుక, పడవ నీళ్ళలో దిగక ముందే హెచ్చరిక చేరాలి. మొత్తం పనికి అర్థం అదే.

ప్రోగ్రాం ఎక్కించిన రోజున శ్రీధర్ గారూ నేనూ ఒడ్డుకు వెళ్ళి అందరికీ చూపించాం. వలలు బాగుచేసుకుంటూనే విన్నారు. ఒకాయన మాత్రం వల పక్కన పెట్టి నా దగ్గరకు వచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. పేరు ఎర్రయ్య. నాతో ఫుట్‌బాల్ ఆడే నూకరాజుకు అన్న.

“ఇది మోగితే ఎల్లకూడదు. అదర్థమైంది బాబూ. మరి మోగకపోతే ఎల్లిపోవచ్చా?” అని అడిగాడు.

“వెళ్ళొచ్చు” అన్నాను.

రేడియోలో రోజు విడిచి రోజు ఏదో ఒక హెచ్చరిక వస్తూనే ఉంటుందని, వాటన్నిటినీ నమ్మితే పొయ్యి వెలగదని అక్కడున్నవాళ్ళు అన్నారు. మా సైరన్ అలా కాదని, నిజంగా అవసరమైనప్పుడే మోగుతుందని నేనే చెప్పాను. నెల తిరిగేసరికి వాళ్ళు రేడియో వినడం దాదాపు మానేశారు. మా పని విజయవంతమైందనడానికి గుర్తుగా ఆ సంగతిని నెలవారీ నివేదికలో రాశాను కూడా.

ఇక ఫుట్‌బాల్ సంగతి. ఉక్కునగరం మైదానంలో శనివారాలు ఆడే జట్టు మాది. ఏడాదికి ఒకసారి తొమ్మిది మందిమి కలిసి రైలెక్కి పెద్ద మ్యాచ్ చూడటానికి వెళ్ళేవాళ్ళం. 2002లో గోవా వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో రిజర్వేషన్ లేక హుబ్లీ దాకా తలుపు దగ్గర నిలబడ్డాం. 2003లో కోజికోడ్. వానకు మ్యాచ్ ఆగిపోతే తడిసిన బట్టలతోనే వెనక్కి వచ్చాం. 2004లో కోల్‌కతా. లక్షమంది ఒక్కసారి అరిస్తే మెట్ల కింద సిమెంటు కదలడం పాదాలకు తెలిసింది. ఆ తరువాత కోల్‌కతా తప్ప వేరే ఊరి మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ తొమ్మిది మందే నా పరీక్షా కేంద్రం కూడా. మా ఊరి పాతబస్తీలో సెల్‌ఫోన్ల దుకాణం ఉన్న సలీం మా సెంటర్ ఫార్వర్డ్. తొమ్మిది మందికీ తొమ్మిది రకాల ఫోన్లు అతనే ఇప్పించాడు. పరీక్ష కోసం పడవలవాళ్ళ ఫోన్లు మోగించి వాళ్ళను కంగారు పెట్టకూడదు కదా. అందుకని కంప్యూటర్లో రెండు జాబితాలు పెట్టాను. ఒకటి అసలుది, రెండోది మా జట్టుది. మెసేజ్ ఏ జాబితాకు వెళ్ళాలో ఒక ఫైలులో ఒకే ఒక్క వరుస నిర్ణయిస్తుంది. దాని పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు.

ఆ ఏడాది దసరా వెళ్ళాక కోల్‌కతా ప్రయాణం పెట్టుకున్నాం. రైలు ఉదయం పదకొండు దాటాక. అదే ఉదయం ప్రోగ్రాంకు కొత్త కూర్పు ఎక్కించవలసి వచ్చింది. ఇలాంటి పనికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. చేయవలసిన పనులు నోటుపుస్తకంలో వరుసగా రాసి, ఒక్కొక్కటి అయ్యాక టిక్కు పెట్టాలి. అన్నిటికీ టిక్కులు పడ్డాక మేనేజర్ చూసి సంతకం చేయాలి. ఆ పద్ధతి పెట్టించింది నేనే. నా జాబితాల పిచ్చి గురించి ఆఫీసులోనూ జట్టులోనూ జోకులు ఉండేవి.

ఆ రోజు జాబితాలో ఏడు పనులు. ఆరోది జట్టుకు పరీక్ష మెసేజ్ పంపి తొమ్మిది మంది నుంచీ జవాబు తీసుకోవడం. ఏడోది ఆ ఒక్క వరుసను తిరిగి అసలు జాబితాకు మార్చడం. పదింటికి ఎనిమిది జవాబులు వచ్చాయి. సలీంది రాలేదు. నూకరాజు స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు.

“ఏటి బావా, ఇంకా కంప్యూటర్ని ముద్దెట్టుకునే ఉన్నావా? అందరం వచ్చీసేం. నువ్వు రాకపోతే నీ బెర్త్ మీద నాను కాళ్ళు సాపుకుని పడుకుంటాను.”

సలీం పక్కనే ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడు, సైరన్ మోగింది, జవాబు పంపడం మరిచిపోయాడు. ఆరోదానికి టిక్కు పెట్టాను. అదే ఊపులో ఏడోదానికీ పెట్టాను. అర నిమిషంలో చేసేదే కదా అనుకున్నాను. ఇంతలో శ్రీధర్ గారు సెలవు కాగితం మీద సంతకానికి పిలిచారు. నోటుపుస్తకం పట్టుకునే వెళ్ళాను. ఆయన టిక్కులు చూసి సంతకం చేశారు. కింద ఆటో హారన్ కొట్టింది. మెట్లు దిగాను.

మూడున్నరకు, పడవలు సాయంత్రం వేటకు దిగే వేళకు కాస్త ముందు, ఆఫీసుకు ఫ్యాక్స్ వచ్చింది. వాయుగుండం దిశ మారింది, సాయంత్రం నుంచి గాలి పెరుగుతుంది, పడవలు దిగకూడదు. రమాదేవి అయిదు నిమిషాల్లో ఎక్కించి బొత్తాం నొక్కింది. ఇవన్నీ తరువాత తెలిసినవి. ఆ సమయానికి మేము సిగ్నల్ లేని పొలాల మధ్య ఉన్నాం.

నాలుగు కావస్తుండగా రైలు బరంపురం స్టేషన్లోకి వచ్చింది. ఫోన్లకు సిగ్నల్ అందింది. ఒకేసారి తొమ్మిది ఫోన్లూ సైరన్ మోగించాయి. పెట్టెలో వాళ్ళంతా మావైపు తిరిగారు.

“రైలుక్కూడా తుఫానొచ్చీసింది బావా! సైను లాగీమంటావా?” అని సలీం నవ్వాడు.

“నీ ఆఫీసోళ్ళు నిన్ను ఇక్కడ కూడా వదల్రా?” అన్నాడు నూకరాజు, ఫోను నా ముఖం ముందు ఊపుతూ.

అది పరీక్ష మెసేజ్ అనుకున్నారు వాళ్ళు. పరీక్ష మెసేజ్‌లో కింద సున్నా అంకె ఉంటుంది. దీనిలో మూడు ఉంది. మూడు అంటే నిజమైన హెచ్చరిక. అది మా ఫోన్లకు వచ్చిందంటే పడవలవాళ్ళకు వెళ్ళలేదన్నమాట.

నూకరాజుకు అదే మాట చెప్పాను. అతని ముఖంలో నవ్వు కొంతసేపు అలాగే ఉండిపోయింది. తరువాత ఒడ్డు మీద టీ కొట్టు నడిపే అప్పలమ్మ నంబరు నొక్కాడు.

నేను ఆఫీసుకు చేశాను.

“అన్నీ వెళ్ళిపోయాయి సార్. హండ్రెడ్ పర్సెంట్ చూపిస్తోంది. శ్రీధర్ గారు కూడా చూశారు” అంది రమాదేవి.

తప్పు ఆమెది కాదు. తెర మీద శాతం మాత్రమే కనబడేలా చేసింది నేను. తొమ్మిదికి తొమ్మిది వెళ్ళినా వంద శాతమే, నూట నలభై మూడుకు నూట నలభై మూడు వెళ్ళినా వంద శాతమే. ఫైలు తెరవమని చెప్పి పాస్‌వర్డ్ అక్షరం అక్షరం చెప్పడం మొదలుపెట్టాను. పన్నెండు అక్షరాలు. ఏడు చెప్పేసరికి రైలు కదిలి సిగ్నల్ పోయింది.

పక్కనే నూకరాజు అరుస్తున్నాడు. “అత్తా, నానే, నూకరాజుని! పడవలు ఆపీయే! గాలొస్తంది!”

ఆమె గొంతు నాకూ వినబడింది. “ఏటిరా నువ్వనేది? సైరన్ మోగనేదు గదా! మీ యన్న ఇప్పుడే దిగీసేడు, నా కొట్లోనే టీ తాగి ఎల్లేడు.”

ఆ తరువాత అతని ఫోను కూడా ఆగిపోయింది.

కిటికీకి అవతల చిలకా సరస్సు మొదలైంది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. నూకరాజు తలుపు దగ్గరకు వెళ్ళి ఫోను బయటికి చాపి నిలబడ్డాడు. సలీం తన బ్యాగులోంచి తొమ్మిది మ్యాచ్ టికెట్లూ తీసి మళ్ళీ లోపల పెట్టాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదనుకుంటాను. నేను మిగిలిన అయిదు అక్షరాలు కాగితం మీద రాసి, తరువాత చెప్పవలసిన మెట్లు వరుసగా కింద రాశాను. చేయగలిగింది అదొక్కటే.

సిగ్నల్ మళ్ళీ వచ్చేసరికి అయిదుకు పది నిమిషాలు. రమాదేవి లైను ఎత్తగానే కాగితం చూసి చదివాను. ఆమె ఆ వరుస మార్చి బొత్తాం నొక్కింది. నూట నలభై మూడు నంబర్లకూ మెసేజ్ వెళ్ళింది. అప్పటికే అప్పలమ్మ చీర ఎగదోపుకుని ఒడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి దాదాపు అన్ని పడవలనూ ఆపించింది. అప్పటికే సిగ్నల్ దాటిపోయి దొరకనిది ఒక్కటే. అందులో నలుగురు, ఎర్రయ్యతో కలిపి.

నేనూ నూకరాజూ ఖుర్దారోడ్డులో దిగి వెనక్కి వచ్చే రైలెక్కాం. దారి పొడుగునా అతను నాతో అన్నవి రెండే మాటలు. ఒకటి, నీళ్ళ సీసా ఇమ్మని. రెండోది, టైమెంతని.

మూడో రోజు ఒక మరపడవవాళ్ళు, బోల్తాపడ్డ పడవను పట్టుకుని ఉన్న ముగ్గురిని తీసుకువచ్చారు. ఎర్రయ్య మొదటి రాత్రే చేతులు వదిలేశాడని వాళ్ళు చెప్పారు. శరీరం దొరకలేదు.

సంఘానికి కంపెనీ తరఫున నివేదిక ఇవ్వాలి. శ్రీధర్ గారు తయారుచేసిన దాంట్లో కారణం దగ్గర ‘నెట్‌వర్క్‌లో ఆలస్యం’ అని ఉంది. అసలు కారణం రాస్తే పని ఆగిపోతుందని, నూట నలభై మూడు పడవలకూ ఇక సైరనే ఉండదని, పోయినవాళ్ళు ఎలాగూ రారని ఆయన అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆ నోటుపుస్తకంలో నా టిక్కు కింద ఆయన సంతకం కూడా ఉంది. నివేదిక మీద నేనూ సంతకం చేశాను.

పెద్దకర్మ అయ్యాక నూకరాజు ఆఫీసుకు వచ్చాడు. లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చున్నాడు.

“పుస్తకంలో టిక్కు లేదా?”

“ఉంది.”

“ఎప్పుడెట్టేవు బావా?”

“పని చెయ్యకముందే పెట్టాను.”

అతను తల ఊపాడు. “మరి కాయితంలో నెట్‌వర్క్ అని రాసేరేటి? మావోళ్ళు సిమ్ములు మార్చీస్తన్నారు. తప్పు దాందే అనుకుంటన్నారు. రేపు మళ్ళీ ఇలగే అవుతాది గదా?”

మర్నాడు రెండో నివేదిక నేనే రాశాను. తేదీ, గంట, ఏడు పనుల జాబితా, ఏ టిక్కు ఎప్పుడు పెట్టానో అన్నీ రాశాను. శ్రీధర్ గారి అనుమతి లేకుండా సంఘం సమావేశంలో చదివాను. ఎర్రయ్య భార్య గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. ఆమె మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. చదవడం అయ్యాక ఒక ముసలాయన, “తిట్టుకుంటే ఏటొస్తాది. ఇప్పుడు మోగకపోతే ఏటి సెయ్యాలో అది సెప్పు” అన్నాడు.

నా మీద కంపెనీ తీసుకున్న చర్య ఏడాది పాటు జీతం పెంపు ఆపడం. ‘జూనియర్’ అన్న మాట మళ్ళీ వచ్చింది. పని మాత్రం ఆగలేదు. శ్రీధర్ గారు భయపడ్డట్టు సంఘం ఒప్పందం తెంచుకోలేదు. నూకరాజు మైదానానికి రావడం మానేశాడు. మిగతా ఏడుగురూ ఆ మ్యాచ్ చూసి వచ్చారు. ఎలా జరిగిందని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. జట్టుగా మళ్ళీ ఏ ఊరూ వెళ్ళలేదు.

ప్రోగ్రాంలో మూడు మార్పులు చేశాను. తెర మీద శాతం తీసేసి ఎన్ని ఫోన్లకు వెళ్ళిందో అంకె పెట్టాను. ఏ జాబితా నడుస్తోందో పైన ఎర్ర అక్షరాలతో కనబడేలా చేశాను. మూడోది పెద్దది. ప్రమాదం ఉన్నా లేకపోయినా రోజూ మూడున్నరకు ఒక మెసేజ్ వెళుతుంది. ప్రమాదం లేకపోతే ఒక్క గంట కొట్టి ‘ఈరోజు హెచ్చరిక లేదు’ అన్న బొమ్మ చూపిస్తుంది. దానికి చోటు చేయడానికి సైరన్‌లో సగం కోసేశాను. ఇలా రోజూ పంపడం దండగ అని ఆఫీసులో అన్నారు. అలాగే ఉంచాను.

పని చేశాక టిక్కు పెట్టాలి, టిక్కును కాక చేసిన పనిని చూసి సంతకం చేయాలి. ఇది ఏ ఉద్యోగంలోనైనా మొదటి వారంలో చెప్పేదే. నేను ప్రత్యేకంగా నేర్చుకున్నది ఇంకొకటి. ప్రమాదం లేదని చెప్పే యంత్రమూ, చెడిపోయిన యంత్రమూ ఒకే రకంగా మౌనంగా ఉండకూడదు.

కొత్త కూర్పు ఎక్కించిన రోజున మళ్ళీ ఒడ్డుకు వెళ్ళి, ఏదీ మోగకపోతే అసలు వెళ్ళవద్దని చెప్పాను. ఎర్రయ్య అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నాకు పది నెలలు పట్టింది.