నీలిరంగు క్రాంకు

పంచరు సొల్యూషన్ వాసన నాకు మల్లెపూల వాసన కంటే ఇష్టమని చెబితే మా స్కూల్లో పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. మొన్న ఆదివారం పొద్దున్నే బందరు నుంచి గుడివాడకి సైకిలు మీద బయలుదేరాను. పామర్రు వచ్చేసరికి ఎడమ పెడలు వదులై, తొక్కిన ప్రతిసారీ టక్కుమంటోంది. గుడివాడ రోడ్డు మలుపులో ఒక చిన్న సైకిలు షాపు కనిపిస్తే ఆగాను. షాపతను ఎవరిదో ట్యూబుకి సొల్యూషన్ రాసి ఉఫ్ఫుమని ఊదుతున్నాడు. ఆ ఘాటు ముక్కుకి తగిలిందో లేదో, బస్సుల హారన్లూ సెంటరులో గోలా ఎటో వెళ్ళిపోయాయి. మంచు కమ్మిన కాలవగట్టు, నాకు నాలుగు గజాల ముందు ఒక తెల్లచీర, ఒక నల్లటి పాత లేడీస్ సైకిలు కనిపించాయి. సుగుణ మేడమ్ గారు నా ముందు వెళ్తున్నారు.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. అవనిగడ్డ పక్కన ఒక పల్లెటూరి స్కూల్లో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు అక్కడ హెడ్మిస్ట్రెస్ ఆవిడే. నేను గిలకలదిండిలో చేపల వేటకెళ్ళే ఇంటి పిల్లని. మా నాన్న రెండేసి రోజులు సముద్రం మీద ఉండి నవ్వుతూ తిరిగొచ్చేవాడు. నాకేమో అవనిగడ్డ బస్సు తప్పిపోతుందేమోనంటేనే గుండె దడ. అద్దెగదిలో తలుపు గడియ వేసుకుని సెలవురోజులన్నీ నిద్రపోయేదాన్ని. చేరిన రెండో నెలలో ఒక శనివారం మేడమ్ హాజరుపట్టీ మూస్తూ అడిగారు.

“సైకిలు తొక్కటం వచ్చా గంగా?”

“చిన్నప్పుడు తొక్కానండీ. ఇప్పుడు సైకిలు లేదండీ.”

“లేకపోతే కొనుక్కుందాం. కొత్తది మాత్రం వద్దు.”

“అదేంటండీ?”

“కొత్తది దారిలో ఎక్కడా ఆగదమ్మా. ఆగకపోతే మనుషులు ఎట్టా తెలుస్తారు నీకు?”

ఆ మాటకి నేను లోలోపల నవ్వుకున్నాను. చెడిపోతుందని తెలిసీ చెడిపోయేదాన్నే కొనుక్కోమనే మనిషిని అప్పుడే చూశాను. కానీ మరుసటి ఆదివారం, ఆవిడ చర్చి నుంచి రాగానే ఇద్దరం గుడివాడ బస్సెక్కాం. అక్కడ మస్తాన్ గారని పాత సైకిళ్ళ వ్యాపారి ఉండేవాడు. ఆయన షాపులో సైకిళ్ళు కప్పుకి వేలాడుతూ ఉండేవి. నేను మెరుస్తున్న ఎర్ర సైకిలు ఒకటి చూసి దాని మీదే మనసు పారేసుకున్నాను. మేడమ్ దాని వెనక చక్రం పైకెత్తి, ఒక్క తిప్పు తిప్పి, కళ్ళు మూసుకుని కడ్డీ మీద అరచెయ్యి ఆనించారు. జ్వరం చూస్తున్నట్టే ఉంది.

“ఇది అబద్ధం చెప్తోంది బాబాయ్,” అన్నారు.

మస్తాన్ గారు పెద్దగా నవ్వాడు. “మీ దగ్గర దాగదులే టీచరమ్మా. రంగు నిన్ననే వేశా. లోపల బాల్సు అరిగినయ్.”

చివరికి మేడమ్ మూలన తుప్పు పట్టిన ఒక గోధుమరంగు సైకిలు దించారు. “దీనికి దాచుకునేదేం లేదమ్మా, తీసుకో,” అన్నారు. ఇప్పటికీ నేను తొక్కేది దాన్నే.

ఆ తర్వాత ఆరేళ్ళు, వీలున్న ప్రతి సెలవుకీ మేము ఊళ్ళు తిరిగాం. ఆవిడ దాన్ని ‘టూరు’ అనేవారు, అదేదో కాశ్మీరు వెళ్ళొస్తున్నంత దర్జాగా. మోపిదేవి, నాగాయలంక, ఒకసారి తోట్లవల్లూరు దాకా. మార్గశిరంలో కాలవగట్ల మీద వెళ్తుంటే మంచులో మేము కదులుతున్నట్టే ఉండేది కాదు. మేము ఉన్నచోటే ఉన్నట్టూ, వరిచేలే నెమ్మదిగా మా పక్కనుంచి వెనక్కి జరిగిపోతున్నట్టూ ఉండేది. ఎక్కడో ఒక కొంగ, ఎవరో కనిపించని మనిషి దగ్గు, తడి గడ్డివాసన. గంటసేపు ఇద్దరం ఒక్క మాటా మాట్లాడుకునేవాళ్ళం కాదు. నా భయం ఆ మంచులో ఏ ఊరి దగ్గర జారిపోయిందో నాకే తెలియదు.

ఆవిడ చెప్పినట్టే మా సైకిళ్ళు ఆగేవి. ప్రతి ఊరి సైకిలు షాపులోనూ పాత సామాను వేసుకునే డబ్బా ఒకటుంటుంది. మేడమ్ నేల మీద గోనెసంచి పరిచి డబ్బా బోర్లించి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో ముక్కా వేలితో జరుపుతూ వెతికేవారు. ఆవిడ సైకిలు ఏ కాలం నాటిదో, దాని కంపెనీ బొమ్మ కూడా అరిగిపోయింది. దాని మరలు ఇప్పటి సామానుకి కలవవు. అయినా ఏదో ఒక డబ్బాలో ఏదో ఒకటి దొరికేది. ఒకటి తీసుకుంటే, తన సీటు కింద గుడ్డసంచిలోంచి పనికొచ్చే ముక్క ఒకటి ఆ డబ్బాలో వేసేవారు. ఒక్కసారి కూడా మరిచిపోగా నేను చూడలేదు.

“ఆయన అడగలేదు కదండీ?” అన్నాను ఒకసారి.

“ఇది ఆయనకి కాదమ్మా. మన తర్వాత ఆగేవాళ్ళకి.”

దివిసీమంతా తిరిగిన ఆవిడ హంసలదీవి మాత్రం సైకిలు మీద వెళ్ళలేదు. కృష్ణానది సముద్రంలో కలిసే ఆ చోటుని రిటైరైన మర్నాటికని దాచుకున్నారు. “అప్పటిదాకా ఒక్క ఊరైనా మిగలాలి కదా,” అనేవారు. ఆ ఒక్క ప్రయాణాన్నీ పాడుచేసిన ఘనత నాది.

ఆవిడ రిటైరయ్యే వారం, సైకిలు కొత్తగా చేయించి ఇచ్చి ఆశ్చర్యపరచాలని నాకు బుద్ధి పుట్టింది. ఆవిడ పెన్షను కాగితాల పని మీద ఊళ్ళో లేని రెండు రోజుల్లో సైకిలుని బందరు తీసుకెళ్ళి, దారినపోతుంటే కనిపించిన మెకానిక్కుకి అప్పగించాను. నెమలికంఠం నీలం రంగు నేనే ఎంచాను. అతను పెడళ్ళ ఇరుసు పాతదైపోయిందని కొత్తది వేశాడు. దాని మర కలవకపోతే సుత్తితో కొట్టి కూర్చోబెట్టాడు. నేను వెళ్ళేసరికి ఇరుసు కూర్చునే గూట్లో మరంతా నలిగిపోయింది. “కొన్నాళ్ళు తిరుగుద్దిలెండి. రంగేశాక ఎవరికి తెలుస్తది?” అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని వేలాడాను. వీడ్కోలు సభలో పిల్లలు చప్పట్లు కొడుతుంటే సైకిలు అప్పగించాను. ఆవిడ నీలిరంగు వంక చాలాసేపు చూసి, “శ్రమపడ్డావమ్మా,” అన్నారు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు తెల్లవారుతూనే బయలుదేరాం. పండిన చేల మీద మంచు, ఆ మంచులో పల్చటి ఎండ. ఆవిడ చిన్నగా ఒక చర్చి పాట కూనిరాగం తీస్తున్నారు. కోడూరు దాటి కొంతదూరం వెళ్ళేసరికి కిర్రుమని చప్పుడైంది. ఇరుసు పక్కకి వాలి పెడళ్ళు వేలాడిపోయాయి. మేడమ్ దిగి, వంగి, గూట్లో వేలు పెట్టి తడిమారు. వేలికి ఇనుప పొడి అంటుకుంది.

“ఎవరు వేశారమ్మా ఈ ఇరుసు?”

మొత్తం చెప్పేశాను. తెలిసీ దాచానని కూడా చెప్పాను. ఆరేళ్ళలో ఆవిడ నా మీద గొంతు పెంచటం అదే మొదలు, అదే ఆఖరు.

“అడగాలి కదమ్మా! నా సైకిలు కదా. ఒక్క మాట అడగాలి కదా!”

ఆవిడ కళ్ళు తడయ్యాయి. నేను బావురుమన్నాను. నా సైకిలు తీసుకుని వెళ్ళమన్నాను. ఆవిడ వినలేదు. నీలిరంగు సైకిలుని నడిపించుకుంటూ ముందుకి కదిలారు. నేనూ నాది నడిపించుకుంటూ వెనకే నడిచాను. ఎండ నడినెత్తికొచ్చింది, మడచెట్ల మీదుగా ఉప్పుగాలి మొదలైంది. సంగమం దగ్గర నది ఎక్కడ ఆగిందో సముద్రం ఎక్కడ మొదలైందో తెలియని ఆ లేతరంగు నీళ్ళల్లో ఇద్దరం చీరలు తడిసేదాకా నిలబడ్డాం. చాలాసేపటికి ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

“నడిచి వచ్చాం కాబట్టి మధ్యాహ్నం దాకా దారి ఉంది. తొక్కి ఉంటే పెందలాడే అయిపోయేది,” అన్నారు. కోపం పూర్తిగా పోలేదని గొంతులో తెలుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

తిరుగుదారిలో ఒక ట్రాలీ ఆటో మమ్మల్నీ సైకిళ్ళనీ కోడూరు చేర్చింది. అక్కడి షాపు ముందు మేడమ్ తన సైకిలుని గోడకి ఆనించారు. “గూడు పోయింది. మిగతాది ఊడదీసి డబ్బాలో వేసుకోండి,” అన్నారు. షాపాయన వద్దంటున్నా వినలేదు. “ఇన్నేళ్ళూ తీసుకున్నాను కదండీ,” అని, సీటు మీద ఒకసారి చెయ్యి వేసి, బస్సు ఎటునుంచి వస్తుందని అడిగారు. సీటు కింద గుడ్డసంచి మాత్రం విప్పి నాకిచ్చారు.

పామర్రులో షాపతను నా పెడలు ఊడదీసి, “ఎడమ క్రాంకు అరిగిపోయిందండీ,” అన్నాడు. క్రాంకంటే పెడలుని ఇరుసుకి కలిపే ఇనుపకడ్డీ. “ఇట్టాంటి పాతవి ఇప్పుడు రావట్లేదు. ఉండండి, చూద్దాం,” అని డబ్బా బోర్లించాడు. నేను అలవాటుగా కింద కూర్చుని వేలితో ఒక్కోటీ జరపసాగాను. అడుగున ఒక క్రాంకు దొరికింది. ఇరుసుకి బిగించే మేకు దిగే రంధ్రం చుట్టూ, బందరు మెకానిక్కు తుడవకుండా వదిలేసిన నెమలికంఠం నీలం. కోడూరు నుంచి ఎవరెవరి సైకిళ్ళ మీద తిరిగి అక్కడికి చేరిందో. ఆ రంగు నేను ఎంచిందే, ఆ క్రాంకు ఆవిడదే.

అతను దాన్ని బిగించి చూశాడు. చక్కగా కూర్చుంది. నేను గుడ్డసంచిలోంచి మంచి మేకులు రెండు తీసి డబ్బాలో వేశాను. అతను వింతగా చూసి, చేతిలో గరుకు కాగితం పట్టుకుని, క్రాంకు వైపు చూపిస్తూ ఆగాడు.

“ఈ నీలం రంగు గీకేసి నల్లది వెయ్యమంటారా మేడమ్?”

అడిగాడు కదా, ఒక్క మాట.

“వద్దండీ,” అన్నాను. “దాన్ని అట్టాగే ఉండనివ్వండి.”