బల్లకు అవతలి కొసన

పోయిన సోమవారం పొద్దున మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, ఆమె లేదు. నిద్రలోనే పోయింది," అన్నాడు. నేను ఊరి చివర హూడిలో మనవరాలి ఇంట్లో ఉన్నాను. పొయ్యి ఆపి, పాల మీద మూతపెట్టి, చీర మార్చుకుని బయలుదేరాను. ఏడుపు ఆటోలో వచ్చింది.

పోయినది నా తోడికోడలు. నాకంటే చిన్నది. వరుస తప్పడం నాకు ఏ విషయంలోనూ నచ్చదు, ఇందులో అసలు నచ్చలేదు.

పేటలో మా ఇంటికి ముందుభాగం పట్టుచీరల అంగడి, వెనక మేము. వీధిలోకి వెళ్ళాలంటే అంగడి మధ్యలోంచే వెళ్ళాలి, మరో వాకిలి లేదు. బేరాలు జరిగే వేళ ఇంటి ఆడవాళ్ళు గిరాకీల ముందునుంచి నడవకూడదని మా మామగారి కట్టుబాటు. ఎవరూ గడియ పెట్టలేదు. అంగడి తెరవకముందు వెళ్ళవచ్చు, మూసిన తర్వాత రావచ్చు. మధ్యలో పగలంతా లోపలే. నేను ఎమ్మే చదివి ఆ ఇంటికి వచ్చాను. ఇంటి లెక్కలు పైసాతో సహా సరిచూసుకుంటూ సర్దుకున్నాను. ఆమె సర్దుకోలేదు. గొడవ మాత్రం చేయలేదు.

ఇంటినిండా తాతలనాటి టేకు సామాను ఉండేది. ఏళ్ళ తరబడి నూనె గుడ్డతో తుడవగా బొగ్గులా నల్లబడింది. "ఈ నలుపంతా మీదపడి పీక పిసుకుతుండాదక్కా," అనేది. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర ఏదో పత్రికలో తెల్లటి బల్ల బొమ్మ చూసింది. సున్నం కొట్టి ఎండకూ వానకూ వదిలేసినట్టు, అంచుల్లో కర్ర బయటపడిన బల్ల. ఇంటికొచ్చి మేడ మీద ఒక విరిగిన పీటతో మొదలుపెట్టింది.

కర్రను గరుకైన ఉప్పుకాగితంతో రుద్ది, అంచుల మీద కొవ్వొత్తి అరగదీసేది. ఆపైన తెల్ల డిస్టెంపరు పలుచగా పూసేది. ఆరిన తర్వాత మళ్ళీ రుద్దితే మైనం ఉన్నచోట రంగు రాలి కర్ర తొంగిచూసేది. రుద్దే ముందు తానే బల్ల ముందు కూర్చుని, మోచేతులు ఎక్కడ ఆనుతాయో, కాలు ఎక్కడ తగులుతుందో చూసుకునేది. "చెయ్యి పడేచోటే అరగాల. తగలనిచోట అరగదీస్తే అబద్ధమైతాది," అనేది. కొంగు చివరెప్పుడూ తెల్లగా ఉండేది. ఉతికి ఆరేసేటప్పుడు నేను రోజూ కోప్పడేదాన్ని. రోజూ నవ్వేది.

తొంభైల చివర్లో, చీరలకొచ్చిన ఒకావిడ మంచినీళ్ళకని లోపలికి వచ్చి ఆ పీట చూసింది. ఇందిరానగరలో ఇంటి అలంకరణ సామాను అంగడి తెరవబోతోంది. ఒక బల్ల చేసి గురువారం మధ్యాహ్నంలోపు స్వయంగా తెమ్మంది. నచ్చితే నెలనెలా పని ఇస్తానని, తన అంగడికే వచ్చి చేయవచ్చని చెప్పింది. ఆ చివరి మాటకు మా తోడికోడలు గుమ్మం పట్టుకుని నిలబడింది. పగలు వెళ్ళడానికి ఆమెకొక చోటు దొరికింది.

ఆ శుక్రవారం వరమహాలక్ష్మి వ్రతం. బుధవారం సాయంత్రం వాకిలికి రంగువేయడానికి వచ్చిన మనిషిని మా అత్తగారు మేడ మీదికి పంపి, పూర్తయిన బల్లకు నిండుగా మెరిసే తెల్ల ఎనామిల్ రంగు కొట్టించారు. ఆమెది దురుద్దేశం కాదు. "పాపం, చేతులు నొచ్చి సగంలో వదిలేసినాది. లక్ష్మి వచ్చే ఇంట్లో పెచ్చులూడిన బల్ల ఉంటాదా?" అన్నారు.

గురువారం తెల్లవారి మా తోడికోడలు ఆ మెరుపు చూసి బల్ల పక్కన కూర్చుంది. అంచు మీద గోరు పెట్టి గీకింది. మైనం మిగిలినచోట ఎనామిల్ పట్టక, తొక్కలా లేచింది. "ఉండాదక్కా, లోపలే ఉండాది," అంటూ ఉప్పుకాగితం అందుకుంది. పని ముగిసేసరికి అంగడి తెరిచారు, పండుగ గిరాకీ కిక్కిరిసింది.

ఇద్దరం మేడ మీదనుంచి దించిన బల్లను ఆమె వెనకనుంచి తోసుకుంటూ నేరుగా అంగడిలోకి వచ్చింది. ఆమె వెనకే నేను.

"యాడికి?" అన్నారు మామగారు గల్లా దగ్గరనుంచి.

"ఇందిరానగరకు, మామా."

"జనం కనపడలేదా? సాయంత్రం మనిషితో పంపిస్తాలే."

"సాయంత్రానికి ఆమె వేరేది పెట్టుకుంటాది. పని సంగతి నాతోనే మాట్లాడతానన్నాది."

"ఏం సావుకారూ, చీర కొంటే బల్ల ఉచితమా?" అందొక గిరాకీ. నలుగురూ నవ్వారు. మామగారు నావైపు తిరిగారు. "పెద్దదానివి, నువ్వన్నా చెప్పమ్మా."

"తోస్తే గచ్చు గీసుకుంటాది మామా. ఎత్తడమే మేలు," అని ముందుకెళ్ళి అవతలి కొస ఎత్తాను.

ఇందిరానగర ఆవిడకు బల్ల నచ్చింది, పనీ ఇచ్చింది. కానీ ఆ మరుసటి వారమే మామగారు ఒక చేతిబండి మనిషిని కుదిర్చారు. కోపంతో కాదు, సౌకర్యానికే. సామాను మన ఇంటికే వస్తుంది, మేడ మీద చేసుకో, ఎండలో నువ్వెందుకు తిరగడం అన్నారు. మా మరిది తండ్రి మాట దాటడు. ఏళ్ళ తరబడి బల్లలు, కుర్చీలు, అద్దాల చట్రాలు పగటిపూట అంగడిలోంచి ఊళ్ళోకి వెళ్ళాయి. ఆమె పైనుంచి చూసేది. పెద్దవాళ్ళు పోయాక కూడా అంగడి తలుపు దగ్గరికి వచ్చి, గిరాకీ ఉంటే ఆగిపోయేది. "పోవే, ఎవరున్నారు అడ్డం?" అనేదాన్ని. "ఉండక్కా, వాళ్ళు పోనీ," అనేది. ఎంతమంది కళ్ళకో నచ్చిన ఆ చేతిపని పక్కన నిలబడి, ఇది నాది అని చెప్పుకునే పగలు ఆమెకు ఒక్కటే దక్కింది.

ఆ పగలు నేను చూశాను. మా సందులోకి లగేజీ ఆటో రాదు, మలుపుదాకా మోయాలి. ముందు కొస నాది కనుక వెనక్కి నడిచాను. నాకు కనిపిస్తున్నది అంగడి, గల్లా, మామగారి ముఖం. ఆమెకు కనిపిస్తున్నది వీధి. పొద్దెక్కిన ఎండ సూటిగా ముఖాన కొడుతున్నా తల తిప్పుకోలేదు. రెప్పల మీద తెల్లటి పొడి, ముక్కు మీద చెమట. చేతులు బల్లకున్నాయి, తుడుచుకోవడానికి లేదు.

"ఆగక్కా, నీ యెనక పూలబుట్ట ఉండాది. ఇట్ల రా. ఇంకొంచెం," అంటోంది. "ఆఁ, ఇప్పుడు పో. అంతా ఖాళీగా ఉండాది."