ముక్కుపుడక మీద ఆవిరి

మొన్న ముసురు పట్టిన ఉదయం, ఆబిడ్స్‌లోని ఒక పాత్రల దుకాణంలో రాగి చెంబు చేతిలోకి తీసుకున్నాను. చల్లగా తగిలింది. వెంటనే సత్తెమ్మక్క గుర్తొచ్చింది. నాకు మొదటి ఉద్యోగమిచ్చిన మనిషి ఆమె. నాంపల్లి స్టేషన్‌కు వెళ్ళే దారిలో ఆమెకు ఇలాంటి దుకాణమే ఉండేది. పదో తరగతితో చదువాపేసిన నేను, సెలవు దొరికితే దగ్గర్లోని గ్రంథాలయంలో సైన్సు పుస్తకాల ముందు కూర్చునేదాన్ని. చదివింది ఎవరికో ఒకరికి చెప్పందే నాకు నిద్రపట్టేది కాదు.

మా దగ్గర కొనేవాళ్ళు చెంబును చెంపకు ఆనించి చూసేవారు. "సల్లగున్నది, అసలు రాగి" అని అక్క అమ్మేది. ఒకసారి ఒకావిడతో నేను, చల్లదనం చెంబులో లేదని, పక్కనున్న చెక్క గరిటె వేడీ అంతేనని, రాగి మన చెంపలోని వేడిని త్వరగా లాగేస్తుంది కనుక అలా అనిపిస్తుందని చెప్పేశాను. ఆవిడ చెంబు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

"ఏంది బిడ్డా! చెంబు అమ్ముమంటే పాఠం చెప్పి పంపిస్తవా?" అంది అక్క. పని పోయిందనుకున్నాను. ఆమె మాత్రం చెంబునూ గరిటెనూ ఎండలో పెట్టి, చాయ్ తాగొచ్చి ముట్టుకుంది. చెంబు చురుక్కుమంది, గరిటె మాత్రం అంతగా కాల్లేదు. "అరె! ఇందాక నా వేడి గుంజుకున్నది, గిప్పుడు నాకే పెడ్తున్నది. గింత ఉరుకులాట ఎందుకే దీనికి?"

లోహాల్లో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయనీ, కరెంటునూ వేడినీ అవే మోసుకుపోతాయనీ చెప్పాను. కరెంటు మోయనిది వేడినీ సరిగా మోయదని ధీమాగా ముగించాను.

"అన్నీ గంతేనా? జర సూసి రా."

పుస్తకాల్లో చూస్తే, వజ్రం అడ్డొచ్చింది. కరెంటు పోనివ్వదు, వేడిని మాత్రం రాగికన్నా వేగంగా పంపేస్తుంది. దానిలో పరమాణువులు గట్టిగా పెనవేసుకుని ఉంటాయి కనుక ఒకదాని వణుకు మరొకదానికి ఇట్టే అందుతుంది. అందుకే వజ్రం మీద ఊదిన ఆవిరి నిలవదని అక్కకు చెప్పగానే, ఆమె చెయ్యి ముక్కుపుడక మీదికి పోయింది.

అది వాళ్ళమ్మ తన ముక్కు నుంచి తీసి, పెళ్ళిలో ఆమెకు పెట్టింది. వజ్రమని చెప్పింది. గాజురాయని ఆడబిడ్డ దెప్పుతూనే ఉండేది. దాన్ని పరీక్ష చేయించడానికి అక్కకు ఏనాడూ ధైర్యం చాలలేదు.

ఆ రోజు తనే తీసి నా చేతిలో పెట్టింది. పక్కన తన గడియారం పెట్టింది. రెండింటి మీదా ఊదాను. గడియారం అద్దం మీద ఎంతసేపు ఉందో, రాయి మీదా అంతసేపే ఆవిరి నిలిచింది.

పుడకను తుడిచి ఆమెకు అందించబోయాను.

"మల్ల ఊదు" అంది. ఊదాను. ఈసారి తనే వంగి చూసింది. "పరాచకానికైనా అబద్ధమాడే మనిషి గాదు మా అమ్మ. ఆమెకు గూడ ఎవరో గట్లనే చెప్పి ఉంటరు." కళ్ళు తుడుచుకుని పుడక మళ్ళీ పెట్టుకుంది. కాసేపటికి, "గాజు లోపల వేడి ఎందుకు గింత నిమ్మలంగ నడుస్తదో గది గూడ చదివి రా" అంది.

గాజులో పరమాణువులకు వరుస లేదని, అందుకే వణుకు దారి తప్పుతుందని తర్వాత తెలుసుకుని చెప్పాను. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది. ఇప్పటికీ నాకు నచ్చని జవాబు ఎదురైనప్పుడల్లా పుస్తకం మూసేయాలనిపిస్తుంది. అప్పుడు, మళ్ళీ ఊదమన్న ఆ గొంతు వినిపిస్తుంది. తర్వాతి పేజీ తిప్పుతాను.